మజ్దూర్ గజ్: మట్టి పనికి ధర కట్టిన కొలతల కహానీ

ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణ ఒడ్డుకు వచ్చేవాళ్లు నీళ్లు చూసి వెళ్తారు. 2015లో పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు పోలవరం కుడి కాలువలో నడిచి, బుడమేరు డైవర్షన్ కాలువలోకి దిగి, ఇక్కడే కృష్ణలో కలిశాయి. పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. మెట్లు కట్టారు. సాయంత్రం పూట మనం కూడా పిల్లలను తీసుకుని వెళ్తుంటాం, ఫోటోలు దిగుతుంటాం. నీళ్లు ఇంత దూరం రావాలంటే ముందు అంత మట్టి దారిలోంచి తప్పుకోవాలి కదా, ఆ మిట్టీ సంగతి మాత్రం ఎవరికీ యాదికి రాదు. ఎవరు తవ్వారు, ఎంత తవ్వారు, ఆ ఎంతను దేనితో కొలిచారు, ఆ కొలతకు ఎంత మజూరీ కట్టారు?

ఇంజనీర్ల భాషలో దీన్ని ఎర్త్‌వర్క్ ఎస్టిమేట్ అంటారు. మన పెద్దలు అందాజా అనేవారు. సూఖా మజ్మూన్ అనుకోకండి. మట్టి పనిలో రేటు ఎంత అనే దానికి ముందే ఇంకో సవాల్ ఉంది: రేటు దేనికి? గజానికా, వంద అడుగులకా, వెయ్యి అడుగులకా, మీటరుకా? గుంటలో కొలిచిన మట్టికా, కట్ట మీద కొలిచిన మట్టికా, బండిలో కొలిచిన మట్టికా? పార పట్టినవాడి హఖ్ రూపాయల్లో తగ్గడానికి ముందు కొలతలో తగ్గేది. ఈ సంగతి నాలుగు వందల ఏళ్ల కాగజాత్‌లో కనబడుతుంది, చూసే ఓపిక ఉంటే.

మొదటి కాగజ్ మన ఇలాకాది కాదు, ముందే చెప్తున్నాను. అక్బర్ బాద్షా దర్బారులో అబుల్ ఫజల్ రాసిన ఆయీన్-ఎ-అక్బరీ. 16వ శతాబ్దం చివరి దశకంలో తయారైన కితాబ్. ఆ రోజుల్లో మన కొండపల్లి గోల్కొండ కుతుబ్ షాహీల చేతిలో ఉంది. మొఘలులు గోల్కొండను తీసుకున్నది 1687లో. అయినా ఈ కితాబ్‌ను ఎందుకు తెరుస్తున్నానంటే, ఇమారత్ పనిలో ఎవరికి ఎంత మజూరీ అని ఇంత సాఫ్‌గా రాసిపెట్టిన పాత దస్తావేజు ఇంకొకటి దొరకడం కష్టం.

అందులో బేల్దార్ల మజూరీ ఉంది. ఫార్సీలో బేల్ అంటే పార. పార పట్టినవాడు బేల్దార్. ఇంగ్లీషులోకి తర్జుమా చేసిన బ్లాక్‌మన్ దొర వీళ్లను ఇటుకలు పేర్చేవాళ్లు అన్నాడు. అదే పేరాలో పునాదులు, కందకాలు ఉన్నాయి కాబట్టి పార ఎక్కడికీ పోలేదు. రోజు కూలీ అయితే అవ్వల్ దర్జా బేల్దారుకు మూడున్నర దామ్‌లు, రెండో దర్జాకు మూడు. నలభై దామ్‌లు ఒక రూపాయి. గుత్తకు ఇస్తే లెక్క వేరు: కోట గోడకు గజ్‌కు నాలుగు దామ్‌లు, పునాదికి రెండున్నర, మామూలు గోడకు రెండు, కందకం తవ్వడానికి గజ్‌కు అర దామ్.

ఇక్కడ కాసేపు ఆగండి. మూడున్నర దామ్‌ల రోజు కూలీని అర దామ్ రేటు మీద సంపాదించాలంటే బేల్దారు రోజుకు ఏడు గజ్‌లు తవ్వాలి. రెండో దర్జావాడు ఆరు. అంటే గుత్త రేటు పక్కన పెడితే రోజు కూలీ చూసి పని ఎంత ఆశిస్తున్నారో తెలిసిపోతుంది. ఇవాళ ప్రభుత్వ ఇంజనీరు రేటు ఎనాలిసిస్ చేసేది కూడా ఇదే తరీఖాలో: ఒక మనిషి రోజుకు ఎంత తవ్వగలడు, అతని రోజు కూలీ ఎంత, భాగిస్తే యూనిట్ రేటు.

ఇంకా మజా ఏమిటంటే బావి తవ్వేవాళ్లకు, అంటే చాహ్‌కన్‌లకు, అవ్వల్ దర్జా రేటు గజ్‌కు రెండు దామ్‌లు. కందకానికి అర, బావికి రెండు. నాలుగింతలు. బావి ఇరుకు, ఖతరా ఎక్కువ, మట్టిని పైకి లాగాలి. లోతు పెరిగే కొద్దీ మెహనత్ పెరుగుతుందని, దానికి వేరే ధర ఉండాలని ఆ జమానాలోనే ఒప్పుకున్నారు. మన ఇంజనీర్లు దీన్నే లిఫ్ట్ అంటారు.

ఆ రేట్ల పక్కనే ఇంకో చిన్న ముక్క ఉంది. మజ్దూర్ గజ్‌లో 32 తస్సూజ్‌లు అని. తస్సూజ్ అంటే గజ్‌లో ఒక భాగం. అదే కితాబ్‌లో మరో చోట గజ్‌ను 24 తస్సూజ్‌లుగా విడగొడతారని ఉంది. తస్సూజ్ పొడవు రెండు చోట్లా ఒకటే అనుకుంటే, కూలీ పనిని కొలిచే గజ్ మామూలు గజ్ కంటే మూడో వంతు పెద్దది. పొడుగులో మూడో వంతు అంటే చిన్న ఫరఖే అనిపిస్తుంది. కానీ మట్టికి పొడుగు ఒక్కటే ఉండదు, వెడల్పు, లోతు కూడా ఉంటాయి. మూడు వైపులా మూడో వంతు పెరిగితే మట్టి రెండింతలు దాటిపోతుంది: ఒకటికి 2.37. గుడ్డ కొలిచే గజ్ ఒకటి, పసీనా కొలిచే గజ్ ఇంకొకటి. నా ఖయాల్‌లో మట్టి పని చరిత్రంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

గజ్ తరువాత చాలా రూపాలు మార్చుకుంది. అక్బర్ ఇలాహీ గజ్ 41 వేళ్ల వెడల్పు. ఇంగ్లీషువాళ్లు ఉత్తరాదిలో దాన్ని 33 అంగుళాలకు ఖరారు చేశారు. మన దగ్గర గజం అంటే వాళ్ల యార్డు, 36 అంగుళాలు, మూడడుగులు. పేరు ఫార్సీది, పొడుగు లండన్‌ది. ఇవాళ మనం ఇబ్రహీంపట్నంలోనో గొల్లపూడిలోనో ప్లాట్ బేరం ఆడుతూ నూటాభై గజాలు అన్నప్పుడు నోట్లో ఉన్నది అబుల్ ఫజల్ మాట, చేతిలో ఉన్నది కంపెనీవాడి బద్ద.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. కొండపల్లి సర్కారును మొఘల్, నిజాం దఫ్తర్లలో ముస్తఫానగర్ అనేవారు. 1766లో ఉత్తర సర్కారులు నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి పోయాయి. అంతకు ముందూ, ఆ తరువాత చాలా ఏళ్లూ మన చెరువుల మట్టికి ఘనపు లెక్క పెద్దగా లేదు. చెరువు తవ్వించినవాడికి, దాని కట్ట చూసుకునేవాడికి దశబంధం అని ఇనాం ఇచ్చేవారు. ఆ చెరువు కింద పండే భూమిలో లేదా శిస్తులో పదో వంతు అన్నమాట. ఎన్ని తట్టల మట్టి తీశావని ఎవరూ అడగరు. నీళ్లు నిలిచాయా, పంట పండిందా, అదే రసీదు. చిన్న చిన్న పూడికలు, గండ్లు అయితే రైతులే వంతుల వారీగా చేసుకోవాలి. దానికి దక్షిణాదిలో కుడిమరామత్ అని పేరు. మరామత్ మన మాటే, అరబ్బీ నుంచి వచ్చింది; తెలుగువాళ్లందరూ మరమ్మతు అంటూ వాడుతున్నారు. మద్రాసు సర్కారు చెరువుల పనులు చూసే శాఖను కూడా మరామత్ అనే పిలిచింది. 1858లో కంపెనీ ప్రభుత్వం చట్టం చేసి మరీ రైతులతో ఈ పని చేయించుకునే అధికారం తీసుకుంది. రివాజుగా ఉన్నప్పుడు అది ఊరి పని, చట్టంలోకి ఎక్కాక వెట్టి.

ఘనపు కొలత మన డెల్టాలోకి పెద్ద ఎత్తున దిగింది ఆనకట్టల కాలంలో. 1832-33లో నందన నామ సంవత్సరం కహత్ గుంటూరు సీమను తుడిచిపెట్టింది. డొక్కల కరువు అని పేరు పడిపోయింది, అంతకంటే బయాన్ అక్కర్లేదు. ఆ తరువాత కృష్ణ మీద ఆనకట్ట కట్టాలని మాట మొదలై, చాలా కాగజాత్ నడిచి, చివరికి 1852లో సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య పని మొదలైంది. ఆర్థర్ కాటన్ వెనక ఉండి నడిపించాడు, కెప్టెన్ ఆర్ దగ్గరుండి కట్టించాడు. 1855కు పూర్తయింది. రాయి రెండు కొండల నుంచి వచ్చింది. ఆనకట్ట అందరికీ కనిపిస్తుంది కానీ పనిలో ఎక్కువ భాగం దాని రెండు పక్కలా తవ్విన కాలువలది: ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవ్స్ కాలువ, గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ. నల్లరేగడిలో పలుగు, పార, తట్ట పట్టుకుని మనుషులు తవ్వినవి.

ఆ దొరల రిపోర్టుల్లో మట్టి ఘనగజాల్లో ఉంటుంది. ఒక గజం పొడుగు, ఒక గజం వెడల్పు, ఒక గజం లోతు. అంటే 27 ఘనపుటడుగులు. కాలువ ఇంత పొడుగు, అడుగున ఇంత వెడల్పు, పైన ఇంత, లోతు ఇంత; గుణిస్తే ఇన్ని లక్షల ఘనగజాలు; గజానికి ఇన్ని అణాలు; మొత్తం ఇన్ని రూపాయలు. కాలువ తవ్వకముందే లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకు దాని ఖర్చు చెప్పగలగడం ఈ కొలత వల్లే సాధ్యమైంది. దశబంధంతో ఈ పని జరగదు. పంట పండాక ఇచ్చే పదో వంతును ముందే బడ్జెట్‌లో రాయలేరు కదా. పబ్లిక్ వర్క్స్ శాఖ అనే ఇమారత్ నిలబడింది ఈ ఘనగజం పునాది మీద.

తవ్వినవాళ్లలో ఎక్కువ మంది వడ్డెరలు. మట్టి పని చేసేవాళ్లు, రాతి పని చేసేవాళ్లు అని వాళ్లలోనే రెండు తెగలు. దక్షిణాదిలో ఎక్కడ చెరువు కనబడినా, రైలు కట్ట కనబడినా వాళ్ల చేతి పనే. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టలు మోసేవారు. రోజు కూలీకి కాకుండా కొలత మీద పని తీసుకోవడం వాళ్ల అలవాటు. దాంట్లో ఒక ఆజాదీ ఉంది, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కే ముందే ముగించుకోవచ్చు. ఖతరా కూడా ఉంది. సాయంత్రం కొలిచేవాడి టేపు దగ్గర అంతా తేలిపోతుంది.

గుంట తవ్వేశాక అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో ఎట్లా తెలుస్తుంది? అందుకని తవ్వేటప్పుడు మధ్య మధ్యలో మట్టి దిమ్మెలు తాకకుండా వదిలేస్తారు. నెత్తిన పాత గడ్డి అట్లాగే ఉంటుంది. దాని ఎత్తు కొలిస్తే లోతు తెలుస్తుంది. ఇంజనీర్లు వీటిని డెడ్‌మన్ అంటారు, చచ్చిన మనిషి అని. బెంగాల్‌లో సాఖీ అంటారట, అంటే సాక్షి. నాకు ఆ పేరే నచ్చింది. ఖామోష్ గవాహ్. ఆ గవాహ్‌ను కూడా మార్చేవారు. పైన ఇంకో పచ్చిక పెళ్ల తెచ్చి పెడితే లోతు పెరుగుతుంది, కూలీకి ఫాయిదా. నేల ఎత్తుపల్లాలుగా ఉన్న చోట పల్లంలో దిమ్మె వదిలిస్తే లోతు తగ్గుతుంది, సర్కారుకు ఫాయిదా. మొదటిది చేసినవాళ్ల మీద దొరలు చాలా రాశారు. రెండోది చేసినవాళ్ల మీద రాయడానికి కూలీల చేతిలో కలం లేదు.

ఘనగజం తరువాత వెయ్యి ఘనపుటడుగుల లెక్క స్థిరపడింది. ఇటుక పనికి, కాంక్రీటుకు వంద అడుగుల మీద రేటు. మట్టికి వెయ్యి అడుగుల మీద. ఎందుకు అంత పెద్ద యూనిట్? మట్టి చౌక కాబట్టి. ఒక ఘనపుటడుగు మట్టి తవ్వితే వచ్చే మజూరీని రాయడానికి ఆ కాలం నాణేల్లో చాలినంత చిన్నది లేదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తం 192 పైలు. ఘనగజానికి అణాన్నర అనుకోండి, మిసాల్‌కు చెప్తున్నా, అది 18 పైలు. అడుగుకు లెక్క వేస్తే ఒక పైలో మూడింట రెండు వంతులు. అట్లాంటి నాణెం ఏ ఖజానాలోనూ లేదు. వెయ్యి అడుగులకు అయితే దాదాపు మూడు రూపాయల ఏడున్నర అణాలు, హాయిగా రాసుకోవచ్చు. కానీ అడుగు మట్టి తవ్వినవాడికి ఆ వెయ్యి అడుగుల అంకె కళ్ల ముందు ఉండదు. అది మేస్త్రీ దగ్గర ఉంటుంది. ఘనగజానికి ఒక్క పై కిందికి దించితే ఎవరికి తెలుస్తుంది? లక్ష ఘనగజాల మీద అది 520 రూపాయల పైమాటే. ఆ రోజుల్లో అది చిన్న రకం కాదు.

కొలత అన్నిటికంటే క్రూరంగా మారింది 1876-78 కరువులో. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువు. మన డెల్టాకు అప్పటికే ఆనకట్ట నీళ్లున్నాయి. రాయలసీమ, నెల్లూరు వైపు జనం రాలిపోయారు. కరువు పనులు పెట్టారు. తీరం వెంట బకింగ్‌హామ్ కాలువలో కొంత ఆ ఆకలి చేతులతోనే తవ్వించారు. పెద్దగంజాం దగ్గర అది మన కొమ్మమూరు కాలువను అందుకుంటుంది. అట్లా విజయవాడ నుంచి మద్రాసు దాకా పడవ దారి ఏర్పడింది. 1877లో వైస్రాయ్ లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూలీని తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొంచెం చిల్లర. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని కాగితం మీద పోట్లాడాడు. కొన్ని నెలల తరువాత గానీ అది మారలేదు. ఆ కరువు అయ్యాక రాసిన ఫామిన్ కోడ్‌లలో పని లెక్క ఘనపుటడుగుల్లో వచ్చింది: ఏ నేలలో ఒక మనిషి రోజుకు ఎన్ని అడుగులు తవ్వాలి, తవ్వేవాళ్లకు ఎంత, మోసేవాళ్లకు ఎంత. అప్పటి దాకా ఘనపు కొలత మజూరీని నిర్ణయించేది. ఇప్పుడు రొట్టెను నిర్ణయించింది.

లీడ్ అనే ఇంకో మాట ఉంది, దాని మీద కొంచెం ఎక్కువ సేపు కూర్చుంటాను. మట్టి తవ్వి పక్కకు మోసి పోయాలి కదా. ఆ మోసే దూరం లీడ్. కొంత దూరం వరకు మోత రేటులోనే కలిసి ఉంటుంది, దాటితే అదనం. ఎస్టిమేటింగ్ పాఠ్యపుస్తకాల్లో పాత లెక్క వంద అడుగుల లీడ్, ఐదడుగుల లిఫ్ట్. మెట్రిక్‌లోకి మార్చినప్పుడు అవి 30 మీటర్లు, 1.5 మీటర్లు అయ్యాయి. భారత ప్రమాణాల సంస్థ 1200 నంబరు ప్రమాణంలో లీడ్ 50 మీటర్ల మెట్లుగా ఉంటుంది, లిఫ్ట్ 1.5 మీటర్లు.

కాగితం మీద 50 మీటర్లు ఒక అంకె. దాన్ని ఒక ఔరత్ నెత్తిన పెట్టి చూద్దాం. ఒక క్యూబిక్ మీటరు నేల మట్టి సుమారు 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుంది. తట్టకు 28 కిలోల చొప్పున వేసుకుంటే సుమారు 60 తట్టలు. ప్రతి తట్టకూ 50 మీటర్లు వెళ్లాలి, 50 మీటర్లు వెనక్కి రావాలి. ఆరు కిలోమీటర్లు. అందులో మూడు కిలోమీటర్లు నెత్తిన బరువుతో, గుంటలోంచి మనిషి ఎత్తు గట్టు ఎక్కుతూ. ఒక్క క్యూబిక్ మీటరు అనే మాటలో ఆరు కిలోమీటర్ల నడక దాగి ఉంది, దానికి వేరే పైసా లేదు. లీడ్ 30 మీటర్లు అయితే మూడు కిలోమీటర్ల ఆరు వందల మీటర్లు. రేటు అంకె మారకుండా లీడ్ అంకె ఒక్కటి మారితే రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్ల నడక ముఫ్త్‌గా వచ్చిపడుతుంది.

స్వరాజ్యం వచ్చాక కొలతలన్నీ ఒక్కసారిగా కదిలాయి. 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. 1954లో బ్యారేజీ పని మొదలై 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. సరిగ్గా ఆ మధ్యలోనే, 1957 ఏప్రిల్ 1న, అణాలు పోయి నయే పైసలు వచ్చాయి. బ్యారేజీ పని అణాల హిసాబ్‌లో మొదలై పైసల హిసాబ్‌లో ముగిసింది. 1956లో కొత్త తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 నుంచి దశల వారీగా మెట్రిక్ అమలైంది. 1962కల్లా పాత కొలతలకు సర్కారీ దఫ్తర్లలో చోటు లేకుండా పోయింది. 1955లో పునాదిరాయి పడి 1967 దాకా నడిచిన నాగార్జునసాగర్ పనైతే అడుగుల్లో పుట్టి మీటర్లలో పెరిగింది.

వెయ్యి ఘనపుటడుగులు అంటే 28.32 క్యూబిక్ మీటర్లు. ఇది గుండ్రని అంకె కాదు. అందుకని మన రాష్ట్రంలో చాలా కాలం మట్టి రేటు 10 క్యూబిక్ మీటర్లకు కట్టారు. పది క్యూబిక్ మీటర్లు అంటే 353 అడుగుల పైచిలుకు. వెయ్యి అడుగులకు 20 రూపాయలు ఉన్న రేటు ఇక్కడ ఏడు రూపాయల ఆరు పైసలు అవుతుంది. ఆ ఆరు పైసలు ఎవరు ఉంచుతారు, ఎవరు కొట్టేస్తారు? కాగితం మీద ఉంచినా పంచే చోట ఏడు రూపాయలే చేతికి వస్తాయి. కొలత మారిన ప్రతిసారీ ఒక చిల్లర ముక్క రాలుతుంది. అది ఎప్పుడూ కింద నిలబడ్డవాడి వైపు రాలినట్టు నేను చదవలేదు.

పాలమూరు లేబర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల నుంచి దేశంలోని డ్యాములన్నిటికీ వెళ్లిన మట్టి పనివాళ్లు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్స్ ఇచ్చి కుటుంబాలను తీసుకుపోయేవాడు. కాంట్రాక్టరు మేస్త్రీకి కట్టేది కొలత మీద, మేస్త్రీ కూలీకి కట్టేది నెల మీదో సంవత్సరం మీదో. మధ్యలో మిగిలింది అతనిది. యూనిట్ రేటు ఎంత ఇన్సాఫ్‌గా కట్టినా అది ఎవరి చేతి దగ్గర ఆగిపోతుందన్నది వేరే మస్అలా.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మన రాష్ట్రంలో దానికి పని గంటలు, కదలికలు గమనించి వేరే గ్రామీణ రేట్ల పట్టీ తయారుచేశారు. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి రోజంతా చేస్తే కనీస కూలీ పడాలి అన్నది ఖాయిదా. అక్బర్ పట్టీలో ఏడు గజ్‌ల లెక్క యాదికి వస్తోందా? అదే హిసాబ్, ఈసారి తిరగేసి వేశారు. ముందు కూలీ ఖరారు, ఆ తరువాత దానికి సరిపోయే మట్టి. కొలతలు పెట్టే రోజున మాత్రం ఇప్పటికీ అదే తకరారు. నాప్ సరిగా పట్టలేదని, పక్క గుంపుకు ఎక్కువ పడిందని. అయినా ఒక ఫరఖ్ వచ్చింది. ఆ పట్టీ తెలుగులో ఉంటుంది, గుంపులో ఎవరో ఒకరు చదవగలరు.

పాత పేర్లు రేట్ల పుస్తకాల్లో ఇంకా బతికే ఉన్నాయి. కేంద్ర ప్రజా పనుల శాఖ రేట్ ఎనాలిసిస్ తెరవండి, కూలీల జాబితాలో బేల్దార్ ఉంటాడు. అదే మాట, అదే పార. అతని పక్కనే భిస్తీ కూడా ఉంటాడు. మషక్ భుజాన వేసుకుని, కట్ట మీద పోసిన మట్టి గట్టిపడటానికి నీళ్లు చల్లే మనిషి. ఆ పేరు బిహిష్త్ నుంచి వచ్చిందంటారు, దాహం తీర్చేవాడు స్వర్గం మనిషి అని. మషక్ మోసే భిస్తీలు ఏ సైటు మీదా కనబడరు, ట్యాంకర్లు వచ్చేశాయి. ఎస్టిమేట్‌లో మాత్రం ఆయన హాజరీ పడుతూనే ఉంది. మన రాష్ట్రం పట్టీలో మజ్దూర్ ఉంటాడు. ఈ పేర్లు మన ఇళ్ల నుంచి పోయినవే, పిల్లలకు చెప్పుకోవాలి.

ఇక మెషీన్ల కాలం. పోలవరం కుడి కాలువ లాంటి పనిలో గుంటలో దిమ్మెలు వదలరు. పని ముందు నేల లెవెల్స్ తీస్తారు, పని తరువాత తీస్తారు, రెండు అడ్డకోతల తేడాను పొడుగుతో గుణిస్తారు. ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాస్తారు. పేజీలకు నంబర్లు ఉంటాయి, కొట్టివేత ఉంటే సంతకం ఉండాలి. కట్ట మీద కొలిస్తే మట్టి కూరుకుపోతుందని మామూలుగా పది శాతం కోత, భారీ మెషీన్లతో గట్టిపరిచిన కట్ట అయితే ఐదు శాతం. తవ్వేవాళ్ల వైపు చూస్తే కొలత మళ్లీ మొదటికి వచ్చింది. జేసీబీకి ఇప్పుడు గంటకు ఇంత అని బేరం. క్యూబిక్ మీటరు కాంట్రాక్టరుకూ సర్కారుకూ మధ్య ఉంటుంది, డ్రైవరుకు నెల జీతం.

బుడమేరు సంగతి చెప్పకుండా ఇబ్రహీంపట్నం మీద రాయడం కుదరదు. వెలగలేరు రెగ్యులేటరు దగ్గర నుంచి వరదను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ కట్టకు 2024 సెప్టెంబరు మొదట్లో గండ్లు పడ్డాయి. సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ మనవాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. గండ్లు పూడ్చడానికి సైన్యం ఇంజనీర్లు కూడా వచ్చారు. అట్లాంటి రాత్రి మట్టికి, రాయికి ఘనపు లెక్క ఎవరూ చూడరు, ఎన్ని లారీలు వస్తే అన్ని. కొలత ముందే జరగాల్సింది: కట్ట ఎంత ఎత్తు, ఎంత వెడల్పు, పోసిన మట్టి ఎంత గట్టిపరిచారు.

ఆ ముసీబత్ తరువాత చాలా కుటుంబాలు ఇల్లు కట్టే ముందు ప్లాట్ ఎత్తు పెంచుకుంటున్నాయి. కాబట్టి ఈ హిసాబ్ చూసి ఉంచుకోండి. 150 గజాల ప్లాట్, మూడడుగుల ఎత్తు లేపాలి. మూడడుగులు అంటే ఒక గజం, కనుక 150 ఘనగజాలు. కాటన్ దొర లెక్క. 27తో గుణిస్తే 4,050 ఘనపుటడుగులు. మట్టి బండ్లవాళ్లు వంద అడుగులను ఒక యూనిట్ అంటారు, నలభైన్నర యూనిట్లు. ఇంజనీరు రాస్తే 114.7 క్యూబిక్ మీటర్లు. మట్టి అదే. కానీ టిప్పరులో వచ్చేది వదులు మట్టి. నీళ్లు చల్లి దిమ్మిస కొడితే దిగిపోతుంది. మట్టి రకాన్ని బట్టి ఐదో వంతు వరకు ఎక్కువ తెప్పించాల్సి వస్తే 48 యూనిట్లు దాటుతుంది. బేరం ఖరారు చేసే ముందు ఆ భాయ్‌ని ఒక్క మాట అడగండి: రేటు బండి లెక్కా, దిమ్మిస కొట్టాక నేల మీద లెక్కా? బండి లెక్క అంటే ట్రక్కు లోపలి పొడుగు, వెడల్పు, ఎత్తు టేపు పెట్టి మీరే కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి, ఆయన ముందే.